మృతులకు మన బాకీ

కిందటేడు మా కాలేజీలో ఒక విద్యార్థి నన్నొక ప్రశ్న అడిగాడు. అతడు మెక్సికో దేశపు మృతుల పండుగ ఇతివృత్తంగా వచ్చిన "కోకో" అనే బొమ్మల సినిమా చూశాడట. చూస్తూ కంటతడి పెట్టుకొన్నానని కూడా దాచుకోకుండా చెప్పాడు. ఆ తరవాత అడిగాడు: "మాస్టారూ, చచ్చిపోయినవాళ్ళు ఏడాదికొకసారి ఇంటికొచ్చి, పెట్టింది తిని పోతారనడం మూఢనమ్మకమే గదా? ఆ మాట మన ఊళ్ళో పురోహితుడంటే ఎగతాళి చేస్తాం. మెక్సికోవాడంటే సాంస్కృతిక వారసత్వమని మెచ్చుకొంటాం. ఇదేం న్యాయం?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. తోచకపోవడానికి కారణం కేవలం అజ్ఞానం కాదు. ఇరవై ఏళ్ళ కిందట మా నాన్న పోయిన మరుసటేడు నేను తద్దినం పెట్టనని చెప్పేశాను. నా కారణాలు నాకున్నాయి. అవి తప్పని ఇప్పటికీ అనుకోను. మా అమ్మ నాతో వాదించలేదు. "సరేరా, పెట్టకు. మరి ఆయన్ని ఏ రోజున తలుచుకొంటావు?" అని మాత్రం అడిగింది. "రోజూ తలుచుకొంటాను" అన్నాను. అది అబద్ధమని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. విద్యార్థి ప్రశ్నలో నాకా పాత ప్రశ్నే మళ్ళీ వినిపించింది. అంచేత మెక్సికో పండుగను గురించి చదివి తెలుసుకొన్నదాన్ని ఆధారం చేసుకొని, ఈ రెండు ప్రశ్నలకూ కలిపి జవాబు వెతుక్కొందామని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు ఆ పండుగ ఏమిటో చూద్దాం. నవంబరు ఒకటో తేదీ చనిపోయిన పిల్లలది, రెండో తేదీ పెద్దలది. ఇంట్లో ఒక బల్ల మీద గుడ్డ పరచి, మెట్లు మెట్లుగా అమర్చి, దాని మీద పోయినవాళ్ళ ఫోటోలు పెడతారు. దీన్ని ఒఫ్రెండా అంటారు. దాని ముందు కొవ్వొత్తులు, ఒక గ్లాసు నీళ్ళు, కాస్త ఉప్పు, ఆ పండుగకే ప్రత్యేకంగా కాల్చే రొట్టె, చక్కెరతో చేసిన పుర్రెలు, రంగు కాగితాల తోరణాలు ఉంటాయి. కోపాల్ అనే చెట్టుబంక పొగ వేస్తారు. బంతిపూల రేకులు వాకిటినుంచి బల్లదాకా బాటలాగా చల్లుతారు. దారి తప్పకుండా రావడానికట. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉన్నది. ఎవరికి ఏది ఇష్టమో వాళ్ళకది పెడతారు. తాతకు మెస్కాల్ సారా, చుట్ట, నాయనమ్మకు ఆమె మెచ్చిన పులుసు, పసివాడికి బొమ్మ. రాత్రికి శ్మశానానికి పోయి సమాధులు కడిగి, పూలు కప్పి, దీపాలు పెట్టి, తెల్లవార్లూ కూర్చుంటారు. మిచోకాన్ రాష్ట్రంలో పాత్స్‌క్వారో సరస్సు మధ్యనున్న హనిత్సియో దీవిలో పురేపెచా జాతి స్త్రీలు ఇలా జాగారం చెయ్యడం లోకప్రసిద్ధం. పాటలుంటాయి, తిండి ఉంటుంది, పరాచికాలుంటాయి, ఏడుపూ ఉంటుంది.

దీనికి మనబోటివాళ్ళు చెప్పే జవాబులు రెండు రకాలు. ఒకటి, ఇదంతా మూఢత్వం, విద్య పెరిగితే పోతుంది అనేది. రెండోది, ఇది మూడువేల ఏళ్ళనాటి ప్రాచీన సంస్కృతి, పరాయిపాలనను ఎదిరించి నిలిచిన ఆదివాసుల సొత్తు, అంచేత ప్రశ్నించగూడదు అనేది. మొదటిదానికి హృదయం లేదు, రెండోదానికి చరిత్ర లేదు.

చరిత్ర సంగతి చూద్దాం. స్పెయిన్‌వాళ్ళు రాకముందు ఆస్తెక్కుల క్యాలెండరులో చనిపోయిన పిల్లలకొక పండుగ, పెద్దలకొక పండుగ వేరువేరుగా ఉండేవి. అవి వేసవికాలంలో వచ్చేవి. నవంబరు మొదటి రెండు తేదీలు మాత్రం కేథలిక్ చర్చివి, యూరపునుంచి వచ్చినవి. పదహారో శతాబ్దంలో దియెగో దురాన్ అనే సన్యాసి తాను కళ్ళారా చూసినదాన్ని రాసిపెట్టాడు. జనం చర్చి పండుగనాడు ఒకరోజు పిల్లలకూ, మర్నాడు పెద్దలకూ కోళ్ళు, పళ్ళు, చాక్లెట్టు, కొవ్వొత్తులు సమర్పిస్తున్నారని, పాత పండుగను కొత్త పండుగ చాటున దాచుకొన్నారేమోనని ఆయన అనుమానపడ్డాడు. మరొక పక్క ఇరవయ్యో శతాబ్దపు మెక్సికన్ చరిత్రకారిణి ఎల్సా మాల్విదో, ఈ పండుగలో ఇప్పుడు కనిపించేదాంట్లో చాలాభాగం మధ్యయుగపు యూరపునుంచి వచ్చిందేననీ, దానికి ఆదివాసీ మూలాన్ని అంటగట్టింది 1930ల నాటి జాతీయవాదులనీ వాదించింది. రొట్టె స్పెయిన్ గోధుమది. చక్కెర ఓడల్లో వచ్చిన చెరకుది. పువ్వూ, చాక్లెట్టూ, మొక్కజొన్నా ఆ నేలవి.

ఈ వివాదంలో ఎవరు ఎంత రైటని తేల్చే అధికారం నాకు లేదు. కాని ఈ వివాదం మీద పండుగ విలువ ఆధారపడి ఉన్నదని మాత్రం నేననుకోను. ఒకటి గుర్తుంచుకోవాలి. దురాన్ రాసిన కాలం మామూలు కాలం కాదు. 1520 లో మశూచి వచ్చింది. 1545 లోనూ 1576 లోనూ పేరు తెలియని మహామారులు వచ్చాయి. వాటికి తోడు గనుల్లో వెట్టి, పొలాల్లో వెట్టి. మూడు తరాల్లోపల ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. చచ్చినవాళ్ళను పూడ్చే దిక్కులేని చోట, బ్రతికి బయటపడ్డ కొద్దిమందీ పాలకుల క్యాలెండరులో తమవాళ్ళను తలుచుకొనేందుకు దొరికిన రెండు రోజులను పట్టుకొన్నారు. అది స్వచ్ఛమైన ఆదివాసీ ఆచారమా, కల్తీ అయిన ఆచారమా అని ఇవాళ మనం కొలతలు వెయ్యడం బొత్తిగా అర్థంలేని పని. ఏడవడానికి చోటు వెతుక్కొన్నవాడు గోడ ఎవడు కట్టాడని అడగడు.

వారసత్వమంటే స్వచ్ఛమైన మూలమని వాదించేవాళ్ళకు నేనొక పువ్వును చూపిస్తాను. మెక్సికోవాళ్ళు మృతుల దారిలో చల్లే బంతి వాళ్ళ నేలలోనే పుట్టిన పువ్వు. దానికి వాళ్ళ నవ్వాతల్ భాషలో "ఇరవై పువ్వు" అని అర్థం వచ్చే పేరున్నది. పోర్చుగీసువాళ్ళు సముద్రాలు దాటిన తరవాతే అది మన దేశానికి చేరింది. ఇవాళ తెలంగాణలో బంతి లేకుండా బతుకమ్మ పేర్చరు, కోస్తాలో బంతి లేకుండా గొబ్బెమ్మ పెట్టరు. బతుకమ్మ మొదలయ్యేది భాద్రపద అమావాస్యనాడు, అంటే పెద్దలను తలుచుకొనే పెత్రమాసనాడు. అట్లా సముద్రానికి అవతలా ఇవతలా ఒకే పువ్వు చచ్చినవాళ్ళ రోజున చేతుల్లోకి వస్తున్నది. ఎవరూ ఏర్పాటు చేసింది కాదిది. బంతి మాదని మెక్సికోవాళ్ళు మనమీద దావా వెయ్యలేదు. బంతి పరాయిదని మన ఆడవాళ్ళు తంగేడు పక్కనుంచి దాన్ని తీసి పారెయ్యలేదు. చేతులు శ్రమపడి పేర్చినదే సొంతమవుతుంది.

కాబట్టి మూలం సంగతి వదిలిపెట్టి, ఆ పండుగ జనంచేత ఏం చేయిస్తున్నది అని అడగాలి. ఇక్కడే ఇంకొక పొరపాటు మన దారికి అడ్డు వస్తుంది. మెక్సికోవాళ్ళు చావును చూసి భయపడరు, దానితో సరసమాడతారు, అది వాళ్ళ రక్తంలోనే ఉన్నది అనే మాట అందరమూ వినే ఉంటాం. దానికి గొప్ప ప్రచారం కల్పించినవాడు కవి ఒక్తావియో పాజ్. మెక్సికన్ స్వభావాన్ని వివరిస్తూ ఆయన 1950 లో ప్రకటించిన గ్రంథంలో ఈ పండుగను గురించి ఒక అధ్యాయమే ఉన్నది. న్యూయార్కు, పారిస్ నగరాల్లో చావు పేరెత్తరనీ, మెక్సికోవాడు దానితో ఆడుకొంటాడనీ ఆయన భావం. ఒక్క మాట ఆయన నిజాయితీగా ఒప్పుకొన్నాడు: చావును లెక్కచెయ్యకపోవడం, బ్రతుకును లెక్కచెయ్యకపోవడంలోనుంచే పుట్టిందన్నాడు. కాని బ్రతుకు ఎందుకు చవకయింది, ఎవరు చవకచేశారు అనే ప్రశ్న ఆయన్ని అడగాలి. గనిలో చచ్చే కూలివాడూ, గని యజమానీ ఇద్దరూ మెక్సికన్లే. ఇద్దరి చావులూ ఒకటి కావు. జాతి స్వభావం అనే దుప్పటి కప్పితే ఈ తేడా కనిపించదు.

నిజానికి ఆ పండుగకు ఇవాళ లోకమంతా గుర్తుపట్టే ముఖాన్ని ఇచ్చినవాడు ఈ తేడాను బాగా ఎరిగిన మనిషి. హొసే గ్వాదలూపె పొసాదా 1852 లో ఆగ్వాస్‌కాలియెంతెస్‌లో పుట్టాడు. మెక్సికో నగరంలో వానేగాస్ అర్రోయో అనే ప్రచురణకర్త దగ్గర బొమ్మలు చెక్కేవాడు. హత్యలు, అద్భుతాలు, యుద్ధవార్తలు, పాటలు - వీధిలో కాసుకొక కాగితం చొప్పున అమ్మే సరుకుకు ఆయన బొమ్మలు గీసేవాడు. నవంబరు వచ్చిందంటే బ్రతికున్న పెద్దమనుషులను అస్థిపంజరాలుగా చూపించి, వాళ్ళమీద వెక్కిరింత పద్యాలు వేసే అలవాటు ఆ పత్రికల్లో ఉండేది. ఆయన చివరి సంవత్సరాల్లో చెక్కిన ఒక పుర్రె తల మీద ఈకలతో, పూలతో అలంకరించిన పెద్ద ఫ్రెంచి టోపీ ఉన్నది. ఒంటిమీద గుడ్డ లేదు. ఒంట్లో ఆదివాసీ రక్తం పెట్టుకొని, దాన్ని దాచుకొని, యూరపు దొరసానుల్లాగా వేషం వేసేవాళ్ళను అది వెక్కిరించింది. పోర్ఫిరియో దియాస్ నియంతృత్వంలో రైలు మార్గాలూ గనులూ విదేశీ కంపెనీలకు పోతూ, రైతుల భూములు జమీందార్ల పాలవుతూ ఉన్న రోజులవి. పైవర్గం పారిస్‌ను చూసి వాతలు పెట్టుకొంటున్నది. ఆ టోపీ కింద పుర్రె పెట్టి చూపించడం ఊరికే చావు వేదాంతం కాదు.

"చావు ముందు అందరూ సమానులే" అనే మాట విన్నప్పుడల్లా నాకొక అనుమానం కలుగుతుంది. ఆ మాట పురోహితులు చెబుతారు, పాదిరీలు చెబుతారు. చచ్చాక వచ్చే సమానత్వాన్ని చూపించి, బ్రతికుండగా అసమానత్వాన్ని ఓర్చుకోమని దాని తాత్పర్యం. పొసాదా బొమ్మలో ఆ ఓదార్పు లేదు. చచ్చాక నీ టోపీ నిలవదు, అంచేత ఇప్పుడే దించు అని ఆ బొమ్మ అంటుంది. ఒకే నిజాన్ని లొంగదీయడానికీ వాడవచ్చు, ఎదిరించడానికీ వాడవచ్చు.

పోతే, పొసాదా సొంత చావు. ఆయన 1913 జనవరిలో పేదరికంలో పోయాడు. దోలోరెస్ శ్మశానంలో చవకరకపు గోతిలో పూడ్చారు. కొన్నేళ్ళు గడిచినా ఎముకలు మావని ఎవరూ రాకపోవడంతో, వాటిని తవ్వి దిక్కులేనివాళ్ళ గోతిలో కలిపేశారు. మృతుల పండుగకు ముఖాన్నిచ్చినవాడికి పూలు చల్లుదామంటే సమాధి లేదు. 1920లలో చిత్రకారులు ఆయన చెక్కిన పలకలను వెతికి వెలికితీశారు. 1947 లో దియెగో రివేరా మెక్సికో నగరంలో ఒక హోటలు గోడమీద వేసిన పెద్ద చిత్రంలో, టోపీ పెట్టుకొన్న ఆ పుర్రెకు ఒళ్ళు ఇచ్చి, నిండుగా బట్టలు తొడిగాడు. ఆమె ఒక చెయ్యి పొసాదా చేతిని పట్టుకొని ఉన్నది, రెండో చెయ్యి పదేళ్ళ పిల్లవాడుగా గీసుకొన్న రివేరా చేతిని పట్టుకొని ఉన్నది. అదే చిత్రంలో "దేవుడు లేడు" అని పందొమ్మిదో శతాబ్దపు నాస్తికుడొకరు అన్న మాటను రివేరా రాశాడు. దానిమీద గొడవ చెలరేగి చిత్రాన్ని ఏళ్ళతరబడి జనం కంటపడకుండా కప్పిపెట్టారు. 1956 లో ఆయనే ఆ మాట తీసేసిన తరవాత మళ్ళీ చూపించారు.

నా విద్యార్థి ప్రశ్నలో సగానికి ఈ గోడే జవాబు చెబుతుందనుకొంటాను. దేవుడు లేడన్న అక్షరాలూ, మృతుల పండుగ పుర్రే ఒకే గోడమీద ఉండేవి. వేసినవాడికి వాటి మధ్య పేచీ కనిపించలేదు. ఆత్మ వస్తుందని నమ్మి పళ్ళెం పెట్టేవాళ్ళు మెక్సికోలో ఉన్నారు, నమ్మకుండా పెట్టేవాళ్ళూ ఉన్నారు. పళ్ళెం పెట్టేటప్పుడు ఇద్దరూ చేసే పని ఒకటే: పోయినవాడు ఎవరు, వాడి పేరేమిటి, వాడికేది ఇష్టం అని గుర్తు తెచ్చుకోవడం. వలసపాలన కాలంలో చర్చి ఈ రోజున మృతుల పేర ప్రార్థనలు చదివి రుసుము తీసుకొనేది. అంటే అక్కడా మధ్యవర్తి ఉండేవాడు. కాని ఇంట్లో ఒఫ్రెండా పెట్టడానికి మధ్యవర్తి అక్కర్లేదు. కొడుకే పెట్టాలని లేదు. కూతురు పెట్టవచ్చు, కోడలు పెట్టవచ్చు, స్నేహితుడు పెట్టవచ్చు. మంత్రం తెలియనక్కర్లేదు. నేను తద్దినాన్ని కాదన్నది, అందులో పోయిన మనిషికన్నా తినిపోయే మనిషి ముఖ్యం కావడంవల్ల. కులం, మగపుట్టుక, దక్షిణ - ఈ మూడూ లేకపోతే తలుచుకొనే హక్కు లేకపోవడంవల్ల. మూఢనమ్మకమన్నది అందులో చిన్న దోషం. పెద్ద దోషం అధికారం. ఈ తేడాను ఆనాడు మా అమ్మకు విడమరిచి చెప్పలేకపోయాను.

ఇంతమాత్రాన మెక్సికో పండుగ ప్రజలదిగానే మిగిలిపోయిందని అనుకోగూడదు. 1930లలో లాసరో కార్దెనాస్ ప్రభుత్వం ఆదివాసీ సంస్కృతిని జాతీయ ప్రతిష్ఠకు ఆలంబనం చేసుకొన్నది. భూములు పంచి, చమురు కంపెనీలను జాతీయం చేసిన ప్రభుత్వం అది. కనక దాని చేతిలో ఆ గౌరవానికి కొంత సరుకుండేది. తరవాతి ప్రభుత్వాలు సరుకు తీసేసి గౌరవాన్ని మాత్రం ఉంచాయి. 1970ల నాటికి హనిత్సియో జాగారం పర్యాటకశాఖ ప్రకటన అయింది. 2008 లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. 2013 లో డిస్నీ కంపెనీ ఆ పండుగ పేరునే తన వ్యాపార చిహ్నంగా రిజిస్టరు చేయించుకోబోయింది. జనం, ముఖ్యంగా అమెరికాలో ఉన్న మెక్సికన్లు, గట్టిగా తిరగబడేసరికి వెనక్కు తగ్గింది. నా విద్యార్థిని ఏడిపించిన సినిమా 2017 లో ఆ కంపెనీ వదిలిందే. 2015 లో వచ్చిన ఒక జేమ్స్ బాండ్ చిత్రం మెక్సికో నగరపు వీధుల్లో అస్థిపంజరాల మహా ఊరేగింపును చూపించింది. అలాంటి ఊరేగింపు అంతకు ముందు ఆ నగరంలో లేదు. సినిమా చూసి వచ్చే యాత్రికులు నిరాశపడగూడదని 2016 నుంచి ప్రభుత్వం నిజంగానే దాన్ని నడిపిస్తున్నది. దొరసానులను వెక్కిరించిన పొసాదా పుర్రె 2019 లో బార్బీ బొమ్మగా అంగడికెక్కింది.

వీటిని చూసి నవ్వుకోవడం తేలిక. అయితే వర్తకం అంటుకొన్నది గనక పండుగ చచ్చిందని తీర్పు చెప్పడం కూడా సరికాదు. పువ్వులు పండించే రైతుకూ, రొట్టె కాల్చేవాడికీ, చక్కెర పుర్రెలు పోసేవాడికీ ఆ నెల సంపాదనే ఏడాదికి ఆసరా. ఊరేగింపు చూడడానికి పిల్లలను భుజాలకెత్తుకొని వచ్చే కార్మికుడి సంతోషం అబద్ధం కాదు. అమెరికాలో లాస్ ఏంజెల్స్ తూర్పు వాడల్లో 1970ల మొదట్లో ఒక కళాకేంద్రంలో ఈ పండుగను జరపడం మొదలుపెట్టిన వలస కూలీల పిల్లలకు అది తామెవరో చెప్పుకొనే సాధనం అయింది. డబ్బుతో అమ్ముడుపోయేదంతా చచ్చినట్టయితే మన పుస్తకాలు కూడా చచ్చినవే. పండుగ అమ్ముడుపోయిందా లేదా అనేదానికన్నా, ఎవరి ఫోటో ఆ బల్ల మీదికి రాకుండా చేస్తున్నారు అనేది గట్టి పరీక్ష.

ఆ పరీక్ష మెక్సికోకు 1968 లో ఎదురైంది. అక్టోబరు 2 న, ఒలింపిక్ క్రీడలు మొదలయ్యే ముందు పదిరోజులకు, త్లతెలోల్కో మైదానంలో సమావేశమైన విద్యార్థులమీద సైన్యం కాల్పులు జరిపింది. ఎందరు చచ్చారో ప్రభుత్వం చెప్పిన లెక్కను ఎవరూ నమ్మలేదు. ఆనాడు ఒక్తావియో పాజ్ మన దేశంలోనే, ఢిల్లీలో, మెక్సికో రాయబారిగా ఉన్నాడు. 1962 నుంచీ ఆ పదవిలో ఉన్నవాడు ఈ హత్యాకాండకు నిరసనగా దాన్ని వదులుకొన్నాడు. మెక్సికోవాడు చావును చూసి నవ్వుతాడని రాసిన కవి ఈ చావును చూసి నవ్వలేకపోయాడు. 1970 లో తన పాత గ్రంథానికి అనుబంధంగా రాసిన పుస్తకంలో, జాతి స్వభావమనేది మారని సారం కాదనీ, చరిత్రలో తయారయ్యేదనీ ఒప్పుకొన్నాడు. ఆ సత్యం ఆయనకు చెప్పడానికి విద్యార్థులు చావవలసి వచ్చింది.

అక్కడితో అది ఆగలేదు. ప్రతి ఏటా అక్టోబరు 2 న మెక్సికో నగరంలో ఆ మృతులను తలుచుకొంటూ ఊరేగింపు జరుగుతుంది. 2014 లో గెర్రెరో రాష్ట్రంలోని అయొత్సినాపా గ్రామీణ ఉపాధ్యాయ శిక్షణ కళాశాల విద్యార్థులు ఆ ఊరేగింపుకు పోవడానికి బస్సులు కూడగట్టుకొంటున్నారు. అది 1926 లో వెలసిన కళాశాల. రైతుబిడ్డలను పంతుళ్ళను చేసి మళ్ళీ పల్లెలకే పంపడం కోసం విప్లవానంతరం పెట్టిన బడుల్లో అదొకటి. సెప్టెంబరు 26 రాత్రి ఇగ్వాలా పట్నంలో పోలీసులు వాళ్ళ బస్సులమీద కాల్పులు జరిపారు. ఆ రాత్రి ఆరుగురు చచ్చిపోయారు. నలభైముగ్గురు విద్యార్థులు కనిపించకుండా పోయారు. చెత్త పోసే లోయలో దుండగులు వాళ్ళను కాల్చి బూడిద చేశారనీ, ఇదే చారిత్రక సత్యమనీ 2015 జనవరిలో ప్రభుత్వం ప్రకటించింది. అదే ఏడాది అంతర్జాతీయ నిపుణుల బృందం ఆ కథ నిలవదని తేల్చింది. 2022 లో ప్రభుత్వం నియమించిన సత్యసంఘమే దీన్ని రాజ్యం చేసిన నేరమన్నది. ముగ్గురి ఎముకల ముక్కలు మాత్రం గుర్తుపట్టగలిగారు. మెక్సికోలో ఇలా కనుమరుగైనవారి అధికారిక లెక్క 2022 మే నెలకు లక్ష దాటింది.

నవంబరు వచ్చింది. తల్లి ఏం చెయ్యాలి? బల్లమీద కొడుకు ఫోటో పెడితే, వాడు చచ్చాడని తాను ఒప్పుకొన్నట్టు. పెట్టకపోతే, ఒకవేళ నిజంగానే చచ్చి ఉంటే, ఊళ్ళో అందరి బిడ్డలకూ దీపం ఉండి తన బిడ్డకు లేనట్టు. ఆ కుటుంబాల్లో చాలామంది పెట్టడానికి నిరాకరించారు. ప్రాణాలతో పట్టుకుపోయారు, ప్రాణాలతో తెచ్చి అప్పగించండి అన్నది వాళ్ళ నినాదం. కళాశాల ఆటస్థలంలో నలభైముగ్గురి పేర నలభైమూడు కుర్చీలు వేసి, వాటిమీద ఫోటోలు పెట్టారు. బల్లమీద పెట్టిన ఫోటో వీడు చచ్చాడంటుంది. కుర్చీమీద పెట్టిన ఫోటో వీడు రావాలంటుంది.

ఆ తల్లులు ఆచారాన్ని తప్పారా? నన్ను అన్నిటికన్నా ఎక్కువ వేధించిన ప్రశ్న ఇదే. వాళ్ళు దేవుడు లేడన్నవాళ్ళు కారు, పండుగను ఈసడించినవాళ్ళూ కారు. ఆ పండుగలోనే పుట్టి పెరిగినవాళ్ళు. ఆలోచించగా నాకు తోచినదేమంటే, ఆ పండుగ ప్రాణం పేరులో ఉన్నది. ప్రతి మృతుడూ విడిగా ఒక మనిషి. వాడికొక పళ్ళెం, వాడికొక రుచి, వాడికొక దీపం. మనుషులను ఎత్తుకుపోయి పేరులేని గోతిలో కప్పేవాడు సరిగ్గా ఈ పేరునే చంపుతున్నాడు. పేరు తెలియని చావుకు పళ్ళెం పెట్టమని తల్లిని ఒప్పించగలిగితే వాడి పని పూర్తవుతుంది. ప్రభుత్వానికి కావలసిందీ అదే: ఏడ్చి, దీపం పెట్టి, ఫైలు మూసెయ్యండి. ఫోటో పెట్టననడంలో ఆ తల్లులు పండుగను తిరస్కరించలేదు. పండుగలో ఉన్న న్యాయాన్ని పండుగకన్నా గట్టిగా పట్టుకొన్నారు. ఎలా చచ్చాడో, ఎవరు చంపారో చెప్పండి, ఎముక చూపించండి, అప్పుడు దీపం పెడతాం అన్నారు.

ఇంకో రకం తల్లులు కూడా ఉన్నారు. ఏళ్ళు గడిచి, ఓపిక నశించి, ఫోటో బల్లమీదికి ఎక్కించినవాళ్ళు. వాళ్ళు లొంగిపోయారని అనడానికి నాకు నోరు రాదు. వాళ్ళలో ఎందరో పారలు పట్టుకొని, ఇనుపకడ్డీ నేలలోకి దించి, పైకి తీసి వాసన చూస్తూ, తమ బిడ్డల ఎముకలకోసం కొండలూ బీళ్ళూ వెతుకుతున్నారు. ఇతరుల బిడ్డ దొరికినా వాడి తల్లికి కబురు పంపుతారు. దీపం పెట్టినవాళ్ళూ పెట్టనివాళ్ళూ అదే కొండమీద పక్కపక్కనే తవ్వుతున్నారు. బల్లమీద ఏం చేశారన్నదాన్నిబట్టి వాళ్ళను విడదీసే విమర్శకుడు ముందు ఆ పార అందుకొని చూడాలి.

పండుగలోకి రాజకీయాలు తెచ్చి పాడుచేస్తున్నారని అనేవాళ్ళు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. కాని చావులోకి రాజకీయాలు ముందుగా తెచ్చినవాడు తుపాకి పట్టినవాడు. ముసలితనంతో పోయిన తాతకు సారాచుక్క పోస్తే బాకీ తీరిపోతుంది. చంపబడ్డవాడికి అది చాలదు. వాణ్ణి గురించి నిజం తేలేదాకా ఆ బాకీ బ్రతికినవాళ్ళ మీద ఉంటుంది. వారసత్వం అంటే ఆస్తి ఒక్కటే కాదు. మన చట్టంలోనూ ఆస్తితోపాటు అప్పు కూడా వస్తుంది. యునెస్కో జాబితా, ఊరేగింపు, సినిమా - ఇవన్నీ ఆస్తిని పంచుకోవడానికి వచ్చినవాళ్ళు. అయొత్సినాపా విద్యార్థులు అప్పు తీర్చడానికి బయలుదేరినవాళ్ళు. తమకు పుట్టుకకు ముందే చచ్చిపోయిన విద్యార్థులను తలుచుకోవడానికి బస్సెక్కి, వాళ్ళే తలుచుకోవలసినవాళ్ళ వరసలో చేరారు.

నా విద్యార్థికి ఇంతా చెప్పాను. నమ్మకాన్ని మెచ్చుకోనక్కర్లేదు, నమ్మేవాణ్ణి ఎగతాళి చెయ్యనక్కర్లేదు. ఆ ఆచారం ఎవరి పేరు నిలబెడుతున్నది, ఎవరి పేరు మింగుతున్నది అని మాత్రం మెక్సికోలోనైనా మన ఊళ్ళోనైనా ఒకే కొలతతో అడగమన్నాను. అతడు కాసేపు ఊరుకొని, "అయితే మాస్టారూ, తద్దినం మానేసిన తరవాత మీరేం చేశారు?" అన్నాడు.

ఏమీ చెయ్యలేదని చెప్పవలసి వచ్చింది. చెడ్డ ఆచారాన్ని తీసేసి ఆ చోటు ఖాళీగా వదిలేశాను. ఇరవై ఏళ్ళలో ఆ ఖాళీలో మా నాన్న ముఖం పలచబడింది. మా అమ్మ కూడా పోయింది. మా అమ్మాయికి తాతంటే గోడమీద ఫోటో, అంతే. ఆయన చేనేత సహకార సంఘంలో గుమాస్తాగా ఉండేవాడనీ, నేతగాళ్ళ నూలు బాకీల లెక్కలు రాత్రిళ్ళు లాంతరు ముందు కూర్చుని సరిచూసేవాడనీ, జొన్నరొట్టెలో పండుమిరపకాయ పచ్చడి ఉంటే ఇంకేమీ అడిగేవాడు కాదనీ ఆ పిల్లకు నేను చెప్పలేదు. సంఘం మూతపడ్డాక ఊరు విడిచిపోయిన నేతగాళ్ళ పేర్లు ఆయనకు వరసగా నోటికొచ్చేవి. నాకు ఇప్పుడు నాలుగు కన్నా గుర్తు రావడంలేదు.

ఈ ఏడు ఆయన పోయిన రోజున మా అమ్మాయిని కూర్చోబెట్టుకొని, ముందు ఆ నాలుగు పేర్లూ చెబుదామనుకొంటున్నాను. మిగతావి ఊరికి పోయి అడగాలి. చెప్పగలిగినవాళ్ళు ఇంకా ఒకరిద్దరు బ్రతికే ఉన్నారు.